తేడా వేరు, లోపం వేరు
పిల్లల ఎదుగుదలను కొలిచేది ఎలా?

నంద్యాల (మా విలేఖరి): పిల్లవాడికి మాట ఆలస్యమైతే, వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గాని మాట రాలేదంటూ వస నాకించి ఊరుకోవడం నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పరిపాటి. మరోవైపు, ఒకచోట కుదురుగా కూర్చోని పిల్లవాడికి పిచ్చోడని పేరు పెట్టడమూ ఉంది. రెండూ పిల్లలకు చేటే. ఏది మామూలు, ఏది కాదు అని తేల్చడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ముఖ్యంగా నాలుగు సంగతులు చూస్తారు.

వయసుకు తగిన ఎదుగుదల

మొదటిది వయసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా 5 దేశాల్లో 816 మంది పిల్లలను పరిశీలించి 2006లో లెక్కలు ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడవడం 8 నుంచి 17 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. నూటికి నలుగురు అసలు పాకకుండానే నడిచారు. కాబట్టి పక్కింటి బిడ్డ 10వ నెలలో నడిచిందని, 14వ నెలలో నడిచిన మన బిడ్డను చూసి దిగులు పడనక్కరలేదు.

అయితే 18 నెలలు నిండినా నడవకపోయినా, ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాటలు పోతే ఒక్కరోజు కూడా ఆగరాదు. మాట రాని బిడ్డకు ముందు పరీక్షించవలసింది చెవులను.

బతుకుకు అడ్డమా?

రెండవది, ఆ తేడా రోజువారీ బతుకుకు అడ్డం వస్తున్నదా అన్నది. తెలివితేటల పరీక్షలో సగటు 100. సుమారు 70కి తగ్గితే అనుమానిస్తారు. కాని ఒక్క అంకెను బట్టి తీర్పు చెప్పరు. తన బట్టలు తాను వేసుకుంటాడా, అంగడికి పోయి సరుకు, చిల్లర సరిగా తెస్తాడా, నలుగురితో కలుస్తాడా అని కూడా చూస్తారు.

మూడవది కాలం. బడిలో ఒక్క అయ్యవారి దగ్గరే అల్లరి చేసే పిల్లవాడిది జబ్బు కాదు. ఇంట్లోనూ, బడిలోనూ, ఆరు నెలలకు పైగా కుదురు లేక చదువు, స్నేహాలు చెడిపోతుంటేనే పరీక్ష అవసరం.

నాలుగవది ఆచారం. జాతరలో పూనకం వచ్చి, కాసేపటికి తేరుకుని పనికి పోయే మనిషిని రోగి అనరు. జాతరతో పనిలేకుండా తరచు ఒళ్లు తెలియక, తిండి, పని మానితే అది వైద్యునికి చూపవలసిన సంగతే. అలాగే నల్లమల చెంచు గూడెం పిల్లవాడు పట్నపు వస్తువుల బొమ్మలను గుర్తుపట్టకపోతే అది బుద్ధిలోపం కాదు. వాడు ఎరిగిన వాటితోనే వాడిని అడగాలి.

ఎక్కడ చూపించాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. బృందం వచ్చే రోజు అంగన్‌వాడీ కార్యకర్తను అడిగి తెలుసుకోవచ్చు. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థలో నిపుణులు పరీక్షించి శిక్షణ ఇస్తారు. మానసిక సమస్యలకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2016 నాటి చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం, చదువు పట్టుబడని లోపం కూడా ఉన్నాయి.

పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న బిడ్డకు మొదటి వారాల్లోనే మాత్రలు మొదలుపెడితే బుద్ధి ఎదుగుదల దెబ్బతినకుండా కాపాడవచ్చు. ఏడాది ఆగితే పోయినది తిరిగి రాదు. చెవుడు సంగతీ అంతే, ఎంత ముందు కనిపెడితే మాట అంత తేలికగా వస్తుంది. చూపించాక ఏమీ లేదని తేలితే పోయేది ఒక పూట కూలి. ఉన్నదని తేలితే దక్కేది బిడ్డ భవిష్యత్తు.