పొయ్యిలో పిల్లి

ఇంట వంట కాలేదని చెప్పవలసివస్తే తెలుగువారు "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. ఆ మాటలో ఒక కుటుంబపు ఆకలి ఉన్నది. దానితోపాటు పిల్లి స్వభావాన్ని తరతరాలుగా కనిపెట్టిన చూపు కూడా ఉన్నది. రాత్రి వంట ముగిసిన పిమ్మట పొయ్యిలోని బూడిద చాలాసేపు వెచ్చగా ఉంటుంది. పిల్లి ఆ వెచ్చదనాన్ని వెదకుకొంటూ పోయి అందులో ముడుచుకొని పడుకొంటుంది. మరునాడు ఎవరైనా నిప్పు రాజవేయబోతేగాని లేవదు.

దీనిని సోమరితనమని నిందించడం తగదు. పెంపుడు పిల్లికి మూలజాతి ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. ఒంటి వేడిని నిలుపుకొనడానికి గాని, తగ్గించుకొనడానికి గాని పిల్లి ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేని వాతావరణం సుమారు 30 నుండి 38 డిగ్రీల సెంటిగ్రేడు. అనగా మనుష్యులకు హాయిగా తోచే గది పిల్లికి ఒకింత చలిగా ఉంటుందన్నమాట. అందుచేతనే అది కిటికీలో ఎండపొడ జరిగినకొద్దీ తానూ జరుగుతుంది; చదువుకొనేవారి ఒడి ఎక్కుతుంది. గ్యాసు పొయ్యిలు వచ్చిన ఇళ్ళలో బూడిద లేదు గనుక, పనిచేస్తున్న కంప్యూటరు మీదికి చేరుతుంది.

వెచ్చదనం తరువాత దానికి కావలసినది చాటు. మెత్తని పరుపు వేసినా కాదని, ఇరుకైన అట్టపెట్టెలో దూరి కూర్చుంటుంది. పిల్లి ఎలుకకు మృత్యువే గాని, కుక్కవంటి పెద్ద జంతువులకు తానే ఎర కావచ్చు. మూడు వైపుల గోడ ఉంటే ఒక్క వైపు కాచుకొంటే చాలు. పిల్లలను పెట్టిన పిల్లి ఏడిళ్ళు మారుతుందని పెద్దలనడం ఈ జాగ్రత్తను చూచియే. నెదర్లాండ్సులోని ఒక శరణాలయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను క్లాడియా వింకె, ఆమె సహచరులు పరిశీలించి 2014లో ఫలితాలను ప్రకటించారు. పదింటికి దాగుకొనే పెట్టెలు ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. పెట్టెలు దొరికిన పిల్లుల బెదురు త్వరగా తగ్గింది.

ఇక దుప్పటిని ముందుకాళ్ళతో పిండి పిసికినట్లు పిసకడం పసితనపు అలవాటు. పాలు చేపడానికి కూన తల్లి పొట్టను అట్లే ఒత్తుతుంది. పెరిగిన పిల్లి మెత్తని తావు దొరికి నెమ్మదించినప్పుడు ఆ పని మళ్ళీ చేస్తుంది. అప్పుడు గోళ్ళు గుచ్చుకొన్నవని దానిని కొట్టడం న్యాయం కాదు.

అయితే ఈ అలవాట్లను వినోదంగా మాత్రమే చూచి ఊరుకొనరాదు. గురగురమనే పిల్లి సుఖంగా ఉన్నదనే అనుకొంటారు. కాని గాయపడిన పిల్లి, జబ్బుతో ఉన్న పిల్లి కూడా గురగురమంటుంది. నొప్పిని బయటపడనీయక దాచుకొనడం దాని నైజం. కనుక అలవాటు మారడమే అది చెప్పుకొనే మాట. రోజూ కిటికీ మీదికి దూకేది మానివేసినా, ఒడి కోరి వచ్చేది మంచం కిందికి చేరి కదలకున్నా, ఆహారం ముట్టకున్నా కాళ్ళు పట్టుకొని ఈడ్వక పశువైద్యునికి చూపించాలి.

పిల్లిని పెంచే బాలబాలికలు నేర్వవలసిన మొదటి పాఠం ఇదే: అది ఏ వేళ ఎక్కడ పడుకొంటుందో గమనించడం. సామెతలోని పిల్లి లేవలేదంటే ఇంటివారి కష్టం తెలిసేది. ఇంటిలోని పిల్లి వేళకు లేవలేదంటే ఆ కష్టం దానిదే కావచ్చు.