ఉప్పు చూసి దుప్పటి కప్పుకునే పురుగు

రండర్రా, ఇలా అరుగు మీద కూర్చోండి. నిన్న చిన్నది ఒక మాట అడిగింది. "తాతయ్యా, టైఫాయిడ్ పురుగు ఒంట్లోకి వస్తే మన తెల్లకణాలు ఊరుకుంటాయా?" అని. ఊరుకోవు తల్లీ. కానీ వచ్చింది దొంగని ముందు పోల్చుకోవాలి కదా!

ఆ పురుగు పేరు సాల్మొనెల్లా టైఫీ. దాని గోడ మీద ఉండే గుర్తుల్ని బట్టి మన ఒళ్ళు శత్రువుని పసిగడుతుంది. ఆ గుర్తులు కనపడకుండా అది పైన జిగురు దుప్పటి కప్పుకుంటుంది. 1934లో ఫెలిక్స్, పిట్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని కనిపెట్టి 'వీఐ' అని పేరు పెట్టారు. రోగతీవ్రతకి ఇంగ్లీషులో ఉన్న మాటలోని మొదటి రెండక్షరాలే అవి.

మన ఈపురుపాలెం, చీరాల పిల్లలకి మగ్గం కొత్త కాదు. ఈ దుప్పటి నేతకీ పనివాళ్ళున్నారు. మొత్తం పది జన్యువులు, డీఎన్ఏ మీద ఒకేచోట, ఒకే నేత కొట్టంలో ఉన్నట్టు పక్కపక్కనే ఉంటాయి. నాలుగు నేతగాళ్ళు: వాటి నుంచి పుట్టే ప్రోటీన్లు ఒకే రకం చక్కెర ముక్కల్ని వరసగా అతికి పొడవాటి పోగు తీస్తాయి. ఐదు మోతగాళ్ళు: ఆ పోగుని బయటికి చేరవేసి పైన కప్పుతాయి. మిగిలిన ఒక్కటి మేస్త్రి. దాని పేరు టీవీఐఏ.

ఈ మేస్త్రి తెలివే తెలివి. పేగులో ఉప్పూ అలాంటివీ కరిగి ద్రవం చిక్కగా ఉంటుంది. అక్కడున్నంతసేపూ మగ్గం దాదాపు ఆగే ఉంటుంది. పురుగు పేగు గోడ దాటి లోపలి కండలోకి దిగితే ఆ చిక్కదనం తగ్గుతుంది. వెంటనే మేస్త్రి నేత మొదలుపెట్టిస్తుంది. పైగా ఈదడానికి పనికొచ్చే తోకల తయారీని తగ్గించేస్తుంది. ఆ తోకలు కూడా మన కాపలాకి ఆనవాళ్ళే మరి!

అయితే దొంగ కప్పుకున్న దుప్పటే మనకి దొంగని పట్టిచ్చింది. ఆ చక్కెర పోగుని శుద్ధిచేసి టీకాగా ఇచ్చారు. పెద్దలకి పనిచేసింది. రెండేళ్ళలోపు పిల్లల ఒంటికి మాత్రం వట్టి చక్కెర పాఠం ఎక్కలేదు. అప్పుడు దాన్ని ధనుర్వాతం టీకాలో వాడే ప్రోటీన్‌తో జత కట్టారు. పసిపిల్లల ఒళ్ళు కూడా నేర్చుకుంది. ఇలాంటి టీకాని హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసింది. పేరు టైప్‌బార్ టీసీవీ. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. ఈ రకం టైఫాయిడ్ టీకాల్లో ఆ గుర్తింపు దీనికే మొదట వచ్చింది. ఆరు నెలల బిడ్డకి కూడా వేయొచ్చు.

ఇంకొక్క మాట గుర్తుంచుకోండి. పారాటైఫాయిడ్ తెచ్చే 'ఎ' రకం పురుగుకి ఈ దుప్పటే లేదు. అందుకని ఈ టీకా దాన్ని పట్టలేదు. రెండు పురుగులూ వచ్చే దారి మాత్రం ఒకటే: మలం కలిసిన నీళ్ళు, తిండి. కాబట్టి పసిబిడ్డలున్న ఇళ్ళలో టీకా సంగతి డాక్టరుగారిని అడగమనండి. మీరు మాత్రం కాచి చల్లార్చిన నీళ్ళే తాగండి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కంచం ముందు కూర్చోండి.