ఫార్మసీ చదువు: చేరే ముందు, చేరిన తర్వాత

ఫార్మసీ మందును గురించిన చదువు. ఒక పదార్థం మందుగా ఎలా తయారవుతుంది, ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుంది, ఎంత మోతాదు వరకు మేలు చేస్తుంది, ఎక్కడి నుంచి హాని మొదలవుతుంది అన్న ప్రశ్నల చుట్టూ ఈ చదువంతా తిరుగుతుంది. అందుకే ఇందులో రసాయన శాస్త్రం, శరీర ధర్మాలు, లెక్కలు, యంత్రాల పనితీరు, చట్టం అన్నీ కలిసి వస్తాయి. మన దేశంలో దీన్ని విశ్వవిద్యాలయ చదువుగా నిలబెట్టిన ఘనత మహదేవ లాల్ ష్రాఫ్‌ది. 1932లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆయన చేతుల మీదుగా ఇది మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ప్రారంభమైంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కోర్సులో చేరేవారిలో చాలామంది ఎంబీబీఎస్ సీటు రాక ఇటు వచ్చినవారే. అందులో తప్పేమీ లేదు. కానీ వేరే దారి లేక చేరామన్న నిరుత్సాహంతో మొదటి సంవత్సరాన్ని పోగొట్టుకుంటే ఆ నష్టం చివరిదాకా వెంటాడుతుంది. ఫార్మసీలో తర్వాతి మూడేళ్ల బరువంతా మొదటి ఏడాది మీదే ఉంటుంది.

చేరడానికి మూడు ప్రధాన దారులున్నాయి. డి.ఫార్మసీ రెండేళ్ల డిప్లొమా. ఇంటర్ మార్కులతో సీటు వస్తుంది. చదువు తర్వాత కనీసం మూడు నెలల వ్యవధిలో 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంటుంది. బి.ఫార్మసీ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఫార్మ్‌డి ఆరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ రెండింటికీ ఎప్‌సెట్ ర్యాంకు కావాలి. ఎంపీసీ వారూ బైపీసీ వారూ అర్హులే, కౌన్సెలింగ్ మాత్రం విడివిడిగా జరుగుతుంది. డి.ఫార్మసీ చేసినవారు ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంట్లో ఆర్థిక ఇబ్బంది ఉండి త్వరగా ఉద్యోగంలో చేరవలసిన పిల్లలకు ఇది మంచి దారి.

కాలేజీని ఎంచుకునేటప్పుడు భవనాన్ని, బస్సులను చూసే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం ఉందా? 1948 నాటి ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన ఈ కౌన్సిల్ ఆమోదించని చోట చదివితే ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ దొరకదు. ఆమోదం పొందిన కాలేజీల జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. ఫార్మ్‌డి అయితే మరో సంగతి కూడా చూడాలి. ఈ కోర్సు నడపాలంటే కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలి, లేదా అలాంటి ఆసుపత్రితో ఒప్పందం ఉండాలి. ఒప్పందం కాగితం మీదే ఉందా, పిల్లలు రోజూ వార్డులకు వెళుతున్నారా అన్నది అక్కడి సీనియర్లను అడిగితే తెలిసిపోతుంది. లేబొరేటరీల సంగతి కూడా వారినే అడగడం మేలు.

మొదటి సెమిస్టర్‌లో ఎంపీసీ విద్యార్థికి ఎముకలు, కండరాలు, కణజాలం ఒక్కసారిగా మీద పడతాయి. బైపీసీ విద్యార్థికి లాగరిథమ్‌లు, కాలిక్యులస్ బెంగ పుట్టిస్తాయి. ఈ లోటు పూడ్చడానికే సిలబస్‌లో ఎంపీసీ వారికి రెమెడియల్ బయాలజీ, బైపీసీ వారికి రెమెడియల్ మ్యాథమెటిక్స్ పెట్టారు. చిన్న సబ్జెక్టులని వీటిని పక్కన పెట్టేవారు ఎక్కువ. లాగరిథమ్ రాకపోతే పీహెచ్ లెక్క రాదు. ఆరో సెమిస్టర్‌లో మందు రక్తంలో ఎంత వేగంగా తగ్గుతుందో లెక్కగట్టే ఫార్మకోకైనెటిక్స్ అసలే అర్థం కాదు. చేరడానికి ముందు దొరికే వేసవి సెలవుల్లో ఎంపీసీ వారు ఇంటర్ జంతుశాస్త్రంలోని మానవ శరీర పాఠాలను, బైపీసీ వారు లాగరిథమ్‌లను, శాతాలను, నిష్పత్తులను ఒకసారి తిరగేస్తే మొదటి నెలల భారం చాలా తగ్గుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మాత్రం ఇద్దరికీ ముఖ్యమే.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లిషు మరో బరువు. పాఠాన్ని ముందు తెలుగులో అర్థం చేసుకుని, ఆ పక్కనే ఇంగ్లిషులో సొంత వాక్యాలు రాసుకునే నోటు పుస్తకం ఒక్కటి పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కవచ్చు. అర్థం కాని గైడును అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టినవారు వైవాలో దొరికిపోతారు.

పరీక్షల నిబంధనలు చాలామంది తప్పాక గానీ చదవరు. బి.ఫార్మసీలో సాధారణ థియరీ పేపరుకు 75 మార్కుల సెమిస్టర్ పరీక్ష, 25 ఇంటర్నల్ మార్కులు. రెండూ కలిపి 50 శాతం వస్తేనే పాస్. ఇంటర్నల్‌లో 15 మార్కులు సెషనల్ పరీక్షలవి, మిగిలిన 10 రోజువారీ పనివి. ఆ పదిలో 4 మార్కులు హాజరుకే. కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఒక్కో సబ్జెక్టులో 80 శాతం హాజరు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన బ్యాక్‌లాగ్‌లది. మొదటి మూడు సెమిస్టర్లలో తప్పిన సబ్జెక్టులను నాలుగో సెమిస్టర్ పరీక్షల దాకా మోసుకుపోవచ్చు. కానీ మొదటి రెండు సెమిస్టర్లలోని సబ్జెక్టులన్నీ పాస్ కాకుండా ఐదో సెమిస్టర్ తరగతుల్లో కూర్చోనివ్వరు. అంటే మొదటి ఏడాది ఒక్క సబ్జెక్టును నిర్లక్ష్యం చేసినా మూడో ఏడాది గుమ్మం దగ్గర ఆగిపోవచ్చు. తప్పిన సబ్జెక్టును తర్వాత చూద్దామని వాయిదా వేయకుండా వచ్చే పరీక్షలోనే రాసి వదిలించుకోవాలి. విశ్వవిద్యాలయాన్ని బట్టి చిన్న చిన్న మార్పులు ఉంటాయి కాబట్టి సొంత విశ్వవిద్యాలయం నిబంధనల పుస్తకాన్ని చేరిన వారంలోనే చదవడం అవసరం.

ఈ చదువుకు గుండెకాయ ఫార్మకాలజీ. నాలుగో సెమిస్టర్‌లో మొదలై ఆరు దాకా సాగుతుంది. వందల మందులు, ఒక్కోదానికి పనిచేసే తీరు, ఉపయోగాలు, దుష్ఫలితాలు, వాడకూడని సందర్భాలు. జాబితాలుగా బట్టీ పడితే పరీక్ష ముగిసిన వారానికే అన్నీ కలగాపులగం అవుతాయి. శరీర ధర్మాన్ని పట్టుకుని చదివినవారికి మాత్రం ఒకదాని నుంచి ఒకటి దానంతటదే వస్తుంది. గుండెలో ప్రధానంగా బీటా-1 గ్రాహకాలు, ఊపిరితిత్తుల గొట్టాల్లో బీటా-2 గ్రాహకాలు ఉంటాయి. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే మూడు మందులు తేలిపోతాయి. సాల్బుటమాల్ బీటా-2ను ప్రేరేపిస్తుంది, గొట్టాలు వదులై ఆయాసం తగ్గుతుంది. ప్రొప్రనొలాల్ రెండింటినీ అడ్డుకుంటుంది కాబట్టి గుండె వేగం తగ్గుతుంది, ఉబ్బసం ఉన్నవారికి గొట్టాలు బిగుసుకుని ప్రమాదం వస్తుంది. అటెనొలాల్ ఎక్కువగా బీటా-1 మీదే పనిచేస్తుంది. అయినా ఉబ్బసం రోగుల విషయంలో జాగ్రత్త తప్పదు. మొదటి ఏడాది శరీర ధర్మాల పాఠాన్ని శ్రద్ధగా చదివినవారికి ఇది కొత్త విషయమే కాదు.

మందుల పేర్లలోనూ ఒక క్రమం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పర్యవేక్షణలో పెట్టే జెనరిక్ పేర్లలో ఒకే తరగతి మందులకు ఒకే తోక ఉంటుంది. రామిప్రిల్, ఎనాలప్రిల్ రక్తపోటు తగ్గించే ఒక కుటుంబం. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్ట్రాల్ తగ్గించేవి. ఒమిప్రజోల్, పాంటొప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించేవి. అయితే తోకను మాత్రమే చూసి తీర్మానించడం ప్రమాదకరం. నిస్టాటిన్‌కు కొలెస్ట్రాల్‌తో సంబంధం లేదు, అది ఫంగస్ మీద పనిచేస్తుంది. అరిపిప్రజోల్ మానసిక వ్యాధులకు వాడే మందు. దురదకు ఇచ్చే హైడ్రాక్సిజిన్, రక్తపోటుకు ఇచ్చే హైడ్రాలజీన్ వినడానికి దాదాపు ఒక్కలాగే ఉంటాయి. ఇలాంటి జంటలను కనిపించినప్పుడల్లా ఒకచోట రాసుకోవడం విద్యార్థి దశలోనే అలవాటు కావాలి.

లెక్కలంటే భయపడేవారు ఒక ఉదాహరణ చూస్తే వాటి విలువ తెలుస్తుంది. 12 కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ ఇవ్వాలంటే ఒక మోతాదు 180 మిల్లీగ్రాములు. సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్నదైతే 7.5 మిల్లీలీటర్లు పోయాలి. 250 ఉన్నదైతే 3.6 మిల్లీలీటర్లే. ఒక్కో మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందైతే 1.8 మిల్లీలీటర్లు చాలు. మూడూ పారాసిటమాలే, మూడు సీసాలూ మందుల షాపులో దొరికేవే. సీసా మీద అంకెను చూడకుండా ఒకదాని కొలతతో మరొకటి పోస్తే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. రోజుకు ఇలాంటి లెక్కలు రెండు మూడు చేసేవారికి పరీక్షలో గానీ కౌంటర్ దగ్గర గానీ చెయ్యి తడబడదు.

ల్యాబు పనిలో అసలు చదువు ఎక్కువ జరుగుతుంది, కానీ రికార్డు నింపడంతోనే పని అయిపోయిందని భావించే అలవాటు పాతుకుపోయింది. మొదటి సెమిస్టర్‌లోనే చేసే సాధారణ సిరప్‌ను తీసుకుంటే, భారత ఫార్మకోపియా ప్రకారం అందులో బరువు లెక్కన 66.7 శాతం చక్కెర ఉండాలి. అంత చిక్కగా ఉంటేనే సూక్ష్మజీవులు పెరగలేవు, పలచబడితే పులుస్తుంది. చేత్తో కలిపి, కారణం తెలుసుకున్న విద్యార్థి ఈ అంకెను ఎన్నటికీ మరవడు. సహజ పదార్థాల నుంచి వచ్చే మందులను చదివే ఫార్మకాగ్నసీలో దాల్చినచెక్కను పలచగా అడ్డంగా కోసి, ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే లిగ్నిన్ ఉన్న కణాలు ఎర్రబడతాయి. పలచని ముక్క రావడానికి బ్లేడుతో పదే పదే ప్రయత్నించాలి. పక్కవారి స్లైడు చూసి బొమ్మ గీసేస్తే ఆ పట్టు రాదు. జంతువుల మీద చేసే ఫార్మకాలజీ ప్రయోగాలు మాత్రం ఇప్పుడు సాఫ్ట్‌వేర్, వీడియోల ద్వారానే జరుగుతున్నాయి.

ఆరో సెమిస్టర్ తర్వాత, ఏడో సెమిస్టర్‌కు ముందు, పరిశ్రమలో గానీ ఆసుపత్రిలో గానీ నాలుగు వారాల్లో కనీసం 150 గంటల శిక్షణ తప్పనిసరి. డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునేవారు తమకు తామే అన్యాయం చేసుకుంటున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉన్నన్ని పరిశ్రమలు దేశంలో చాలా రాష్ట్రాల విద్యార్థులకు అందుబాటులో లేవు. హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చిన నాటి నుంచి ఈ గడ్డకు ఆ బలం ఉంది. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా అంతకుముందు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. టాబ్లెట్ యంత్రం దగ్గర నిలబడి ఒక బ్యాచ్ రికార్డు ఎలా రాస్తారో చూసినవారికి క్వాలిటీ అష్యూరెన్స్ పాఠం సులువవుతుంది.

ఫార్మ్‌డి విద్యార్థి దారి వేరు. 2008లో మొదలైన ఈ కోర్సు ఆసుపత్రి వార్డుల్లో నడుస్తుంది. కేస్ షీటు చదవడం, ఒక మందుకు మరో మందుతో పడుతుందా లేదా చూడడం, మూత్రపిండాలు బలహీనంగా ఉన్న రోగికి మోతాదు తగ్గించాలేమో గమనించి డాక్టరుకు చెప్పడం నేర్చుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, తక్కిన ఆరు నెలలు మూడు ఇతర విభాగాల్లో రెండేసి నెలల చొప్పున. మందు వల్ల వచ్చిన దుష్ఫలితాన్ని జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి నివేదించడం ఇక్కడే అలవాటవుతుంది. 2010లో మొదలైన ఈ కార్యక్రమానికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కేంద్రం. రోగికి ఇన్‌హేలర్ పట్టుకోవడం, ఇన్సులిన్ వేసుకోవడం చక్కని తెలుగులో నేర్పగలిగినవారు వార్డులో అందరికంటే అక్కరకు వస్తారు. ఇంగ్లిషు రాదని మొదటి ఏడాది కుంగిపోయిన పల్లెటూరి పిల్లలకు ఇదే పెద్ద బలం.

చదువు తర్వాత ఎటు వెళ్లాలన్నది మూడో ఏడాదిలోనే తేల్చుకుంటే మంచిది. ఎం.ఫార్మసీకి రాష్ట్రంలో పీజీఈసెట్, దేశవ్యాప్తంగా జీప్యాట్ ఉన్నాయి. జీప్యాట్ అర్హతతో చేరినవారికి ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఇస్తుంది. హైదరాబాద్‌తో సహా జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థలైన నైపర్‌లలో చేరాలంటే వాటి సొంత పరీక్ష కూడా రాయాలి. జీప్యాట్ ప్రశ్నలన్నీ నాలుగేళ్ల సిలబస్‌లోవే కాబట్టి సెమిస్టర్ చదువును గట్టిగా చదివినవారికి వేరే కోచింగ్ పెద్దగా అక్కర్లేదు. అమెరికాలో ఫార్మసిస్టు కావాలనుకునేవారు ముందే ఒకటి తెలుసుకోవాలి. 2003 నుంచి పట్టా పొందిన విదేశీయులకు అక్కడ కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు కావాలి. నాలుగేళ్ల బి.ఫార్మసీ ఒక్కటే ఉంటే అక్కడి లైసెన్సు దారిలో మొదటి మెట్టే దొరకదు. ఈ సంగతి తెలియక పట్టా చేతికొచ్చాక నిరాశపడిన కుటుంబాలు ఉన్నాయి.

చివరిది రిజిస్ట్రేషన్. పట్టా వచ్చాక రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. డిప్లొమా వారికి 2022 నిబంధనలు ఎగ్జిట్ పరీక్షను తెచ్చాయి. మూడు పేపర్లు, ఒక్కోదానిలో కనీసం 50 శాతం మార్కులు కావాలి. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు రాసిన మందును రోగికి ఇచ్చే హక్కు రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే ఉంది. అందుకే కొందరు షాపుల యజమానులు కొత్త పట్టాదారులను వెతుక్కుంటూ వచ్చి, నెలకింత ఇస్తాం, సర్టిఫికెట్ మా గోడకు తగిలించి మీరు ఇంట్లో ఉండండి అంటారు. అది చట్టవిరుద్ధం. ఆ షాపులో చదువు లేని కుర్రాడు 3.6 మిల్లీలీటర్లకు బదులు 7.5 పోస్తే గోడ మీద ఉన్న పేరే జవాబు చెప్పాలి. కొత్తగా పట్టా తీసుకుంటున్న ప్రతి ఒక్కరూ ఆ బేరానికి ఒప్పుకోకుండా, తమ సర్టిఫికెట్ ఉన్న కౌంటర్ దగ్గర తామే నిలబడాలి.