వీడియో కూర్పునకు ఏ ప్రాసెసరు తగును?

మన పాఠశాల విద్యార్థులలో కొందరు ఫోనుతో దృశ్యములు తీసి, వానిని కత్తిరించి కూర్చి, పాటలు జోడించుట నేర్చుకొనుచున్నారు. ఈ విద్యలో ముందుకు పోవలెనన్న కంప్యూటరు కావలయును. ప్రత్తి, మిరప అమ్మిన సొమ్ములో కొంత దానికై తీసియుంచిన తండ్రులు నన్ను అడుగు ప్రశ్న ఒక్కటే: “మాస్టారూ, ఐ5 కొనమంటారా, ఐ7 కొనమంటారా?” దీనికి సమాధానము పేరులో లేదు, పనిలో కలదు.

కంప్యూటరులో లెక్కలన్నియు చేయు చిన్న సిలికాను పలకయే ప్రాసెసరు. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను ప్రాసెసరులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండెను. నేటివానిలో అవి వందలకోట్లు. ఇన్ని యేల యనగా, వీడియో భారమట్టిది. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల ఒక్క దృశ్యములో 20,73,600 చుక్కలుండును. సెకనుకు 25 దృశ్యములైనచో 5,18,40,000 చుక్కలు. 4కె వీడియోకు ఇది నాలుగింతలగును.

ఇన్ని చుక్కలను ఫోను ఉన్నవి ఉన్నట్లు దాచుకొనదు; చాలవరకు ఒక దృశ్యమునకును మరియొక దృశ్యమునకును గల భేదమునే దాచుకొనును. కావున నడిమి దృశ్యమొకటి చూడగోరినచో, ప్రాసెసరు వెనుకటి దృశ్యమునుండి లెక్కించుకొనుచు రావలెను. కూర్పు వేళ కంప్యూటరు తడబడుటకు ముఖ్యకారణమిదియే.

ప్రాసెసరులో పనిచేయు భాగములను కోర్‌లందురు. వరికోతను పదిమంది పంచుకొనవచ్చును. ముగ్గునకు ఒక్కరి చేతివాటమే ముఖ్యము. పూర్తియైన వీడియోను వెలికితీయుట, బ్లెండరుతో బొమ్మలు సృజించుట కోతవంటివి. కోర్‌లు ఎక్కువైనకొలది మేలు. ఫోటోలు దిద్దుట ముగ్గువంటిది. ఒక్కొక్క కోర్ వేగమే అక్కడ ప్రధానము.

ఇక పేరు సంగతి. 2017లో వచ్చిన ఐ7-7700లో 4 కోర్‌లు. 2022లో వచ్చిన ఐ5-12400లో 6 కోర్‌లు. పేరున చిన్నదైనను రెండవదియే ఈ పనికి మేలు. ఇది తెలియక నేను లోగడ ఐ7 అను మాటను నమ్మి వాడిన యంత్రమొకటి కొంటిని. అది పదేండ్లనాటిదని, వార్షికోత్సవ నాటకమును కూర్చబోయి అడుగడుగున ఆగిపోయినప్పుడు గాని తెలియలేదు. ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్లకును ఇదియే సూత్రము: అంకె కంటె ముందు తరమును చూడవలెను.

చివరి అక్షరమును గూడ చదువుడు. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉన్నచో అందు గ్రాఫిక్స్ భాగము పనిచేయదు. వీడియోను విప్పి చూపుటకు తోడ్పడు క్విక్ సింక్ అను సౌకర్యము ఆ భాగములోనిదే. ల్యాప్‌టాపులలో సాధారణముగా ‘హెచ్’ అధిక శక్తిని, ‘యు’ విద్యుత్తు పొదుపును తెలుపును. కూర్పునకు ‘హెచ్’ తగును.

జోడెద్దులలో ఒకటి బలిసి, ఒకటి బక్కచిక్కినచో బండి సాగదు. సొమ్మంతయు ప్రాసెసరునకే పోయక, 16 జీబీ ర్యాము, ఎస్ఎస్‌డీ ఉండునట్లు చూచుకొనుడు. రాయచూరు సీమ ఎండలను మరువరాదు. ప్రాసెసరు మిక్కిలి వేడెక్కినచో తన వేగమును తానే తగ్గించుకొనును. మంచి పంకా, గాలి ఆడు చోటు, దుమ్ము తుడుచు అలవాటు అవసరము.

ఇంట ఇదివరకే కంప్యూటరున్నచో తొందరపడి క్రొత్తది కొనవలదు. కెడెన్‌లైవ్ అను ఉచిత సాధనములో ప్రాక్సీ అను పద్ధతి కలదు. పెద్ద వీడియోకు చిన్న నకలు చేసి, దానిపై కూర్పు ముగించి, తుదకు అసలు వీడియోనుండియే ఫలితమును తీయవచ్చును.

కొనక తప్పనిచో, మీ ఫోనుతో తీసిన వీడియోను అంగడికి తీసికొనిపోవుడు. ఆ యంత్రముపైననే కత్తిరించి చూచి, పిదప సొమ్ము చెల్లింపుడు. ఏడాది చెమటోడ్చి కూడబెట్టిన ధనము పేరుకు గాక పనికి దక్కవలెను.