చప్పట్ల వెనుక కథ చెప్పిన రేవతి

తడ: గూడూరు నుంచి చెన్నైకి పోయే రైలెక్కిన వారికి ఆ చప్పట్లు కొత్త కావు. సూళ్లూరుపేటలోనో తడలోనో బండి కదలగానే పెట్టె ఆ చివర చప్పుడవుతుంది. కొందరు జేబులో చెయ్యి పెడతారు. కొందరు కిటికీ వైపు తిరిగి నిద్ర నటిస్తారు. పరిచయం అంతటితో సరి. వారిది ఏ ఊరు, తల్లిదండ్రులెవరు, ఇల్లెందుకు విడిచారు అని అడిగినవారు అరుదు. ఊళ్లలో వారిని పిలిచే పేర్లు ఇక్కడ అచ్చు వేయదగినవి కావు.

ఎవరూ అడగకపోయినా తన కథను తానే చెప్పిన మనిషి ఎ. రేవతి. రచయిత్రిగా, వక్తగా, నటిగా దేశంలో పేరు తెచ్చుకున్న ఈమె తమిళనాడులోని నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగబిడ్డగా పుట్టారు. ఇంట్లో అందరికన్నా చిన్న. బడి నుంచి రాగానే వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, అంట్లు తోమటం ఆమెకు ఇష్టం. అక్క బట్టలు కట్టుకుని అద్దంలో చూసుకునేవారు. చిన్నపిల్లాడి ముచ్చట అనుకుని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఊళ్లో మారియమ్మ తిరునాళ్లకు ఆమె కురత్తి వేషం కట్టారు. మన ఎరుకలసాని వేషం వంటిదే అది. అచ్చం ఆడపిల్లలాగే ఉందని జనం మెచ్చుకున్నారు. తిరునాళ్లు ముగిసి వేషం విప్పాక, అదే నడకకు, అదే మాటకు వెక్కిరింపులు! ఈ తీరు తమిళుల ఒక్కరిదే కాదు. మన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు ధరించి ఆంధ్రదేశాన్ని మెప్పించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వేషానికి అంత మర్యాద చేసిన జనమే, ఇది వేషం కాదు, నేనే ఇంత అన్నవారిని ఇంట్లో నిలవనివ్వలేదు.

అన్న చేతి బ్యాటు

రేవతి ఇల్లు విడిచి ఢిల్లీ చేరి హిజ్రాల ఇంట తలదాచుకున్నారు. అక్కడ గురువే తల్లి. పేరు పెట్టేది, తిండి పెట్టేది, దండించేది కూడా ఆమే. తిరిగి ఊరికి వచ్చినపుడు అన్న క్రికెట్ బ్యాటు తీసుకుని కొట్టాడు. పెంచుకున్న జుట్టు తీయించారు. మళ్లీ వెళ్లిపోయారు. శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీ అయ్యారు. ముంబయిలో ఒళ్లు అమ్ముకుని బతకవలసి వచ్చింది. రౌడీల చేతిలోనూ, పోలీసుల చేతిలోనూ దెబ్బలు తిన్నారు. కొన్నేళ్లకు స్త్రీగానే ఇంటికి వచ్చారు గాని, ఆస్తిలో వాటా మాట వచ్చేసరికి అన్నదమ్ముల తగాదా తప్పలేదు. పొలం గట్ల తగాదాలు ఎరిగిన మన పల్లెలవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

1999లో బెంగుళూరులో 'సంగమ' అనే సంస్థలో చిన్న ఉద్యోగంలో చేరటంతో ఆమె దారి మారింది. ఆఫీసు పనితో మొదలుపెట్టి, కాలక్రమాన ఆ సంస్థకే డైరెక్టరు అయ్యారు. తమిళనాడంతా తిరిగి తనవంటివారు చెప్పిన జీవిత కథలు సేకరించి 2004లో 'ఉణర్వుమ్ ఉరువముమ్' అనే పుస్తకం వెలువరించారు. లోపలి మనసు, పైకి కనిపించే రూపం అని ఆ పేరుకు అర్థం. అందులో ఆమె ముందు పెట్టినది ఇతరుల కథలను. తన కథ చెప్పటానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

అది తమిళంలో రాసినా, ముందు అచ్చయింది ఇంగ్లీషులో. వి. గీత అనువాదాన్ని 2010లో పెంగ్విన్ సంస్థ ప్రచురించింది. తమిళ ప్రతి 'వెళ్ళై మొళి' మరుసటి ఏడు వచ్చింది. కన్నడంలో 'బదుకు బయలు'గా వెళ్లి నాటకంగా కూడా ఆడింది. రేవతి తన జీవితాన్ని తానే ఏకపాత్రగా రంగస్థలం మీద ప్రదర్శించారు, కళాశాలల్లో ఉపన్యసించారు. ఒకనాడు తిరునాళ్లలో వేషం కట్టిన మనిషి ఇప్పుడు వేషం లేకుండా వేదిక ఎక్కారన్నమాట. 2019లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముఖద్వారంపై హోమర్, ప్లేటో వంటివారి పేర్లు చెక్కి ఉన్న చోట, మహిళా రచయిత్రుల పేర్లతో పెద్ద బ్యానరు కట్టారు. మాయా ఏంజెలో, టోనీ మోరిసన్‌ల సరసన రేవతి పేరు కూడా అందులో ఉంది.

తమిళంలో ఆమెతోపాటు మరికొందరు కలం పట్టారు. లివింగ్ స్మైల్ విద్య 2007లో ఆత్మకథ రాశారు. ప్రియాబాబు 2008లో 'మూన్రామ్ పాలిన్ ముగమ్' అనే నవల తెచ్చారు. ఆ ఏడే తమిళనాడు ప్రభుత్వం వీరి కోసం సంక్షేమ బోర్డు ఏర్పరచింది. 'తిరునంగై' అనే మర్యాదైన పేరు అక్కడ వాడుకలోకి వచ్చింది. స్త్రీ పురుషులతో పాటు వీరినీ మూడో వర్గంగా గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది.

లెక్కల్లో మనవారే ఎక్కువ

ఇదంతా అరవదేశం గొడవ అనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కల్లో 'ఇతరులు' అనే గడిలో నమోదైనవారు తమిళనాడులో 22,364 మంది కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. అంటే దాదాపు రెండింతలు. వీరికి నెలకు 1,500 రూపాయల పింఛను ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో నిర్ణయించింది. తర్వాత ఆ మొత్తం పెరిగింది.

తడ దాటి ఆరంబాక్కం చేరితే వినపడేది తమిళమే. ఇక్కడివారిలో ఆ భాష వచ్చినవారికి కొదవ లేదు. అయినా రేవతి కథ తెలుగుకు ఈ దారిన రాలేదు. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వచ్చింది. కథారచయిత్రి, విజయవాడలో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేసిన శ్రీమతి పి. సత్యవతి దానిని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెనిగించగా, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. సత్యవతి గారికి ఈ అనువాదానికే 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. తెలుగు సులభమైనదే గాని, కొన్ని పుటలు చదవటం కష్టం. రేవతి ఏదీ దాచలేదు. తనను కొట్టిన అన్నను గురించి, అడ్డం రాలేకపోయిన తల్లిని గురించి కూడా ఉన్నది ఉన్నట్టే రాశారు.