రసమట్టం సాక్షిగా

కళ్లకు గంతలు. మెడలో వదులుగా వేసిన తాడు. ఎడమ రొమ్ము కనిపించేలా విప్పిన చొక్కా, మోకాలి పైదాకా మడిచిన పంట్లాం. జేబులో చిల్లర, వేలికి ఉంగరం, నడుముకు బెల్టు... లోహమన్నది ఏదీ ఒంటిమీద ఉండకూడదు. ఫ్రీమేసన్లనే సోదర సంఘం తమ లాడ్జిలోకి, అంటే సమావేశ మందిరంలోకి, కొత్త సభ్యుడిని తీసుకెళ్లేది ఇలాగే. న్యాయమూర్తి వచ్చినా, నవాబు కొడుకు వచ్చినా వేషంలో మార్పుండదు.

ప్రమాణం అయ్యాక గంతలు విప్పుతారు. గదిలో ఈశాన్య మూలన నిలబెట్టి, పేదల కోసం ఏమైనా ఇవ్వమని అడుగుతారు. ఇవ్వడానికి అతని దగ్గర చిల్లిగవ్వ ఉండదు. లోపలికి రాకముందే అన్నీ తీయించేశారు మరి! ఉత్త చేతులతో నిలబడిన ఈ ఘడియను మరిచిపోవద్దని, రేపు ఆపదలో ఉన్నవాడు ఎదురైతే దీన్ని తలచుకోమని అప్పుడు చెబుతారు. ఈశాన్యంలో శంకుస్థాపన చేయడం మనకు కొత్త కాదు. లాడ్జిలో ఆ మూలన పడే తొలిరాయి మనిషి.

మేసన్లనగానే రహస్య సంకేతాలు, చేతులు కలిపే తీరుల గురించే చెప్పుకొంటారు. ఆ గుట్టు రట్టై దాదాపు 300 ఏళ్లయింది. 1730లోనే శామ్యూల్ ప్రిచర్డ్ అనే మాజీ సభ్యుడు తంతు మొత్తాన్ని పుస్తకంగా అచ్చేశాడు. నాకు ఆసక్తి కలిగించేది వేరే. తాపీమేస్త్రీ సంచిలోని పనిముట్లను మెడలో పతకాలుగా వేసుకుని, మనుషులంతా ఒకే మట్టమని ప్రమాణం చేసినవాళ్లు, ఆ మాటను ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నది.

నాలుగు దిక్కులు, మూడు మెట్లు

1717 జూన్ 24న లండన్‌లో, సెయింట్ పాల్ చర్చి దగ్గర ‘గూస్ అండ్ గ్రిడైరన్’ అనే పానశాలలో నాలుగు లాడ్జీలు కలిసి తొలి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయన్నది ఈ సంఘం చెప్పుకొనే చరిత్ర. చర్చిలు కట్టిన మధ్యయుగపు రాతిపనివాళ్ల సంఘాల పేరును, పనిముట్లను, ఆచారాలను పనితో సంబంధం లేని పెద్దమనుషులు అందిపుచ్చుకున్నారు. 1723లో జేమ్స్ ఆండర్సన్ అనే మతాచార్యుడు నియమావళి రాశాడు. లాడ్జిలో మతం మీద, రాజకీయం మీద వాదోపవాదాలు నిషిద్ధం. మతం పేరిట అంతర్యుద్ధాలు చూసిన దేశానికి ఆ నియమం ఎంత అవసరమో వేరే చెప్పాలా!

లాడ్జి గదిలో దిక్కులకు అర్థం ఉంది. సూర్యుడు ఉదయించే తూర్పున అధ్యక్షుడు, అంటే వర్షిప్‌ఫుల్ మాస్టర్ కూర్చుంటాడు. ఆయన మెడలో మూలమట్టం. పడమట సీనియర్ వార్డెన్, ఆయన పతకం రసమట్టం. దక్షిణాన మిట్టమధ్యాహ్నపు సూర్యుడికి గుర్తుగా జూనియర్ వార్డెన్. ఆయనది గోడ నిలువు చూసే గుండుదారం. ఉత్తరాన ఈ ముగ్గురిలో ఎవరికీ ఆసనం లేదు. అది చీకటి దిక్కు. కోశాధికారికి తాళంచెవి, కార్యదర్శికి అడ్డంగా పెట్టిన రెండు కలాలు. తలుపు బయట దూసిన కత్తితో టైలర్ అనే కావలివాడు. మాస్టర్ పదవి మామూలుగా ఏడాదే. ఆ తర్వాత ఆయన దిగివచ్చి మిగతావాళ్ల మధ్య కూర్చోవాలి. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది.

ఎక్కాల్సిన మెట్లు మూడు. మొదటిది అప్రెంటిస్. అతనికి ఇచ్చేవి 24 అంగుళాల కొలబద్ద, సుత్తి, ఉలి. అంగుళానికో గంట చొప్పున రోజును ప్రార్థనకు, పనికి, సాటివారి సాయానికి పంచుకోమని ఆ కొలబద్దకు అర్థం చెబుతారు. రెండోది ఫెలోక్రాఫ్ట్. మూడోది మాస్టర్ మేసన్. సొలొమోను ఆలయాన్ని కట్టిన హీరమ్ అబిఫ్, వృత్తి రహస్యాలు చెప్పనన్నందుకు ముగ్గురు పనివాళ్ల చేతుల్లో హతమైన గాథను ఈ మెట్టులో నడిపిస్తారు. ఆ హతుడి పాత్ర కొత్తగా మెట్టెక్కేవాడిదే. చావును ఒకసారి ఒంటిమీదికి తెచ్చుకుంటే తప్ప మాస్టర్ కాలేడు. చిత్రపటాల మీద పుర్రె, ఎముకలు కనిపించేది అందుకే. బయట పుట్టిన దెయ్యాల కథలు చాలావరకు వాటి పుణ్యమే.

ఇక ఏప్రన్. అప్రెంటిస్‌కు తెల్లని గొర్రెపిల్ల తోలుతో చేసిన సాదా ఏప్రన్ కడతారు. ఇంగ్లిష్ పద్ధతిలో రెండో మెట్టుకు రెండు లేతనీలం పూలు చేరతాయి. మూడో మెట్టుకు మరో పువ్వు, నీలం అంచు, వెండి కుచ్చులు. గ్రాండ్ లాడ్జి అధికారులది ముదురునీలం మీద బంగారు పని. అయినా కింద ఉన్నది రాతిధూళి బట్టలకు అంటకుండా కూలివాడు నడుముకు కట్టుకున్న తోలుముక్కే. అమెరికాలో 1793లో పార్లమెంటు భవనానికి పునాదిరాయి వేసిన రోజు జార్జి వాషింగ్టన్ కట్టుకున్నదీ అదే. రాజ్యాలేలేవాళ్లు శ్రమ చేసేవాడి గుడ్డను గౌరవచిహ్నంగా ధరించిన సందర్భాలు చరిత్రలో ఎన్నో లేవు.

గడప దగ్గర నిలబెట్టినవాళ్లు

కలకత్తా ఫోర్ట్ విలియమ్‌లో 1730 నాటికే లాడ్జి వెలిసింది. 1752లో మద్రాసుకూ వచ్చింది. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్‌దత్ ఉల్ ఉమ్రా 1770ల్లో తిరుచిరాపల్లిలో మేసన్ అయితే, లండన్ నుంచి అలంకరించిన ఏప్రన్, నియమావళి ప్రతి కానుకగా వచ్చాయి. సింహాసనం వెనకున్నవాడికి తలుపు సులువుగానే తెరుచుకుంది.

మిగతావాళ్లకు అలా కాదు. పారిస్‌లో మేసన్ అయి వచ్చిన పార్సీ మానెక్‌జీ కర్సెట్‌జీని బొంబాయి ఇంగ్లిష్ లాడ్జి రానివ్వలేదు. స్కాట్లండ్‌కు చెందిన డాక్టర్ జేమ్స్ బర్న్స్ చొరవతో 1843లో ‘రైజింగ్ స్టార్’ అనే కొత్త లాడ్జి పెట్టాకే భారతీయులకు అక్కడ చోటు దొరికింది. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్ పేరు 1863లో ప్రతిపాదనకు వచ్చింది. హిందువులు ఏకైక పరమాత్మను నమ్మరు కాబట్టి వాళ్ల ప్రమాణం చెల్లదని అభ్యంతరం. ఆయన వదల్లేదు. తొమ్మిదేళ్ల వాదన తర్వాత 1872లో ‘యాంకర్ అండ్ హోప్’ లాడ్జిలో చేరాడు. పన్నెండేళ్లకు, 1884లో, అదే లాడ్జిలోకి నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు అడుగుపెట్టాడు. లోకం ఆయన్ని తర్వాత వివేకానందుడిగా ఎరిగింది. ముందొకరు తొమ్మిదేళ్లు పట్టుబట్టకపోతే ఆ తలుపు ఆ యువకుడికి తెరుచుకునేదా?

ఆ 1872లోనే హైదరాబాద్ గోషామహల్ బారాదరి మేసన్ల చేతికొచ్చింది. రామదాసు కథతో తెలుగువారందరికీ తెలిసిన తానీషా కట్టించిన మహలు అది. రాత్రిళ్లు సమావేశాలు, మూసిన తలుపులు చూసి చుట్టుపక్కలవాళ్లు భూత్ బంగ్లా అన్నారు. ఇప్పటికీ అక్కడ లాడ్జీలు కొలువుదీరుతూనే ఉన్నాయి.

1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్ తొలి గ్రాండ్ మాస్టర్. భారతీయ లాడ్జీల్లో భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథ్ సాహిబ్, జెంద్ అవెస్తా పక్కపక్కనే ఉంటాయి. ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు. హిందువు ప్రమాణం చెల్లదన్న దేశంలో ఇంత దూరం రావడం చిన్న విషయమేమీ కాదు.

ఆండర్సన్ 1723లో వద్దన్నవాళ్లలో బానిసలున్నారు, స్త్రీలున్నారు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల కోసం లండన్ గ్రాండ్ లాడ్జి 1847లో ‘స్వేచ్ఛగా పుట్టినవాడు’ అన్న షరతును ‘స్వేచ్ఛగా ఉన్నవాడు’ అని సడలించింది. స్త్రీల విషయంలో నియమం చెక్కుచెదరలేదు. 1893లో పారిస్‌లో స్త్రీపురుషులకు సమానంగా ‘లె ద్రువా ఉమేన్’ అనే వేరే సంఘం పుడితే, 1902లో అందులో చేరి దాన్ని భారతదేశానికి తెచ్చింది అనీబిసెంట్, మన మదనపల్లెలో కళాశాల పెట్టిన ఆవిడే. లండన్ బాటలో నడిచే పురుషుల గ్రాండ్ లాడ్జీలు ఆ సంఘాన్ని గుర్తించవు. ఇంగ్లండ్‌లోని రెండు మహిళా సంఘాలు స్త్రీలను చేర్చుకోవడం తప్ప మిగతా ఆచరణలో సక్రమంగానే ఉన్నాయని 1999లో లండన్ ప్రకటించింది, కలిసి కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. మన గ్రాండ్ లాడ్జి లండన్‌ను మించి ముందడుగు వేయాలన్నది నా కోరిక. ప్రసన్నకుమార్ దత్‌కు చెప్పిన అభ్యంతరం కూడా ఆ రోజుల్లో నియమంగానే చలామణి అయింది.