గోంగూర నారు: తొలి దినముల గండము

ఏప్రిల్ నెల వచ్చినదనగానే న్యూజెర్సీలోని మన యిండ్ల కిటికీల దాపున గోంగూర విత్తిన ట్రేలు వెలయుటయు, మరి కొన్ని దినములకు "నిన్న నిటారుగా నున్న నారు నేడు నేలవ్రాలినదండీ" యని, మొక్కల తెగుళ్ళ శాస్త్రము చదివిన పాపమునకు, నాకు ఫోనులు వచ్చుటయు పరిపాటియైనది.

వెచ్చదనమున్నచో గింజ నాలుగైదు దినములలో మొలకెత్తి, వేరు క్రిందికి దిగిన పిమ్మట, వంగిన కాడ మన్ను చీల్చుకొని రెండు బీజదళములను పైకెత్తి విప్పును. ఆ దళములలోని నిలువ యాహారము తరుగుచు, అసలాకు లింకను విచ్చుకొనకయున్న ఆ వారము పది దినములే గండము. మన్ను చల్లనై, తడి యారక, గాలి యాడక యున్నయెడల పిథియం, రైజోక్టోనియా మొదలగు సూక్ష్మజీవులు కాడ మంటిని తాకు చోటనే పట్టును. అచ్చట నీరుపట్టిన మచ్చ యేర్పడి, గోధుమవన్నెకు దిరిగి, కాడ దారమంత సన్నమగును. పై రెండాకులును పచ్చగా నుండగనే మొక్క కూలును. మన రైతులు నారుకుళ్ళు తెగులనున దిదియే. దాహముచే వాలినదని భ్రమించి మరియొక చెంబెడు నీరు పోయుట, నిలిచియున్నవానిని గూడ చంపుటయే. కూలినదానిని బ్రదికించు మందు లేదు. కావున ముందే జాగ్రత్త వలయును: పెరటిమన్ను ట్రేలో వేయరాదు. పాతట్రేలను ఒకపాలు బ్లీచికి తొమ్మిదిపాళ్ళ నీరు కలిపి కడుగవలెను. నీరు క్రింది పళ్ళెములో పోసి, మన్ను పీల్చగా మిగిలినది పారబోయవలెను. మొలక కనబడగనే మూత తీసి చిన్నఫాను నడపవలెను.

గోంగూర ముదురాకు గంజాయి యాకును పోలుటచేత ఇరుగుపొరుగువారు శంకించినచో కలత వలదు; ఆ పోలికను వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1759లోనే హిబిస్కస్ కన్నాబినస్ అను పేరున చేర్చియున్నాడు. నారులోనే భేదము తెలియును: గంజాయికి తొలియాకులు ఎదురెదురుగా జంటలై పుట్టును, గోంగూరకు ఒక్కొక్కటిగా.

బర్మావారును గోంగూర పులుపు నెరుగుదురు గాని, పండుమిరపతో నూరి యేడాది నిలువచేయు నేర్పు మనది. కావున దీనిని పుంటికూర యనువారును గోంగూర యనువారును తమ పిల్లలచేతనే గింజ వేయింతురుగాక.

మే నడిమి దాటిన పిదప, వారముదినములు బయటి యెండకు మెల్లగా నలవాటుపరచి నాటవలెను. పగలు కుఱుచనైనగాని గోంగూర పూయదు. ఇచ్చట పూచునప్పటికి మంచు సమీపించి, కాయ ముదురకమున్నే మొక్కను చంపును. కావున దక్షిణ టెక్సాసులోని మనవారు ఎండుకాయలు కోసి పంపగా, సంక్రాంతి సభలో గింజల పొట్లములు పంచిపెట్టు భారము ఇచ్చటి మన తెలుగు సంఘమువారు వహింపవలెను.